తలకిందులుగా నాటిన నిమ్మగడ్డి

థాయ్‌లాండులో, రాచ్‌బురి దగ్గర, కాలవ గట్టు మీద ఊరు. లమై కొడుకు నిరన్ భిక్షువైన మర్నాడు పొద్దున లమై పక్కింటికి వచ్చింది. లోపల అంచన్ బట్టలు సర్దుకుంటోంది.

“చెప్పులు అక్కడ వదిలేసి పైకి రండత్తా. ఎంతసేపని మెట్ల మీదే నుంచుంటారు.”

“వద్దులే అంచన్. కాళ్ళ నిండా బురద.”

“మా ఇల్లు మాత్రం ఏమంత అద్దంలా ఉంది. కుండలో నీళ్ళున్నాయి, కడుక్కుని రండి.”

“మీ అమ్మ లేదా?”

“పడుకుంది.”

“ఇంకానా? ఎనిమిది దాటింది. ఈపాటికి సంతలో సగం కూరలు అమ్మేసి ఉండాలి కదా.”

“ఇవాళ వెళ్ళలేదు.”

“ఒంట్లో బాగాలేదా?”

“ఒంట్లో బాగానే ఉంది.”

“అవునులే. అడక్కుండా ఉండాల్సింది. ఇదిగో, ఇది తీసుకో. అరటిపండు పెట్టి చుట్టిన జిగురన్నం. నిన్నటిదే కానీ పొద్దున మళ్ళీ ఆవిరి పట్టాను.”

“అక్కడ పెట్టండి. మీకెందుకత్తా శ్రమ. నిన్నంతా నిలబడే ఉన్నారు.”

“నిలబడటానికేం. ఆ సంచేమిటి?”

“బట్టలు.”

“బట్టలని కనిపిస్తూనే ఉంది. ఎక్కడికని.”

“మహాచాయ్. మా పిన్ని కూతురు అక్కడ చేపల షెడ్డులో చేస్తోంది కదా. మనుషులు కావాలట.”

“ఎప్పుడనుకున్నావు?”

“ఎప్పటినుంచో అనుకుంటూనే ఉన్నాను.”

“వెళ్ళాలని ఎప్పుడు తేల్చుకున్నావని అడుగుతున్నాను.”

“నిన్న.”

“నిన్న పొద్దునా, నిన్న వాన తర్వాతా?”

“బండి పదింటికి వస్తుందత్తా. ఇంకా దువ్వెన, సబ్బు, తువ్వాలు... అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మీరు కూర్చోండి. పందిళ్ళు నిలబడ్డాయా?”

“రెండు కూలిపోయాయి. పంది మాంసం కూర గుండిగ నీళ్ళలో తేలుతూ మెట్ల దాకా వచ్చింది, చుట్టం వచ్చినట్టు. డప్పుల వాళ్ళు డప్పులు నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు. అవన్నీ పోతే పోనీ. మా వాడు పడటం చూశావు కదా.”

“దూరం నుంచి చూశాను.”

“దీక్ష తీసుకునేవాడి కాలు నేలకి తగలకూడదని కదా భుజాల మీద మోసేది. గుడి చుట్టూ తిరిగే మూడో చుట్టులో మోసేవాడు జారాడు. తగలడమేమిటి, తెల్లబట్టలతో మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారి ‘అయ్యో’ అన్నారు చూడు, ఆ శబ్దం నా చెవుల్లోంచి పోవడం లేదు.”

“దెబ్బ తగిలిందా?”

“మోచెయ్యి గీరుకుంది.”

“ఏ చెయ్యి?”

“ఎడమది. ఏం?”

“ఊరికే అడిగాను. ప్రమాదంలో విరిగింది ఆ చెయ్యే కదా.”

“ఆ చెయ్యే. నీకు బాగా గుర్తుందే. మోటర్‌సైకిలు మీంచి పడి పన్నెండు రోజులు కళ్ళు తెరవలేదు. అప్పుడే మొక్కుకున్నాను, బతికితే మూడు వర్షావాసాలు కాషాయంలో ఉంచుతానని. అందరూ ఒక్క వర్షావాసం, మూడు నెలలు మొక్కుకుంటారు. నేను మూడేళ్ళు మొక్కుకున్నాను. నాకు ఆశెక్కువ.”

“ఆశ కాదత్తా. భయం.”

“వాడు ఎదురు మాట్లాడలేదు. వాడు... చూడు, నా నోరు ఇంకా తిరగడం లేదు. ఆయన. పొద్దున కన్నకొడుక్కి వంగి దణ్ణం పెడితే నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.”

“అలవాటవుతుంది.”

“అంచన్.”

“ఊఁ.”

“నిన్న పందిట్లో ఆ మైకువాడు అన్న మాటలు మనసులో పెట్టుకోకు.”

“నేనేం పెట్టుకోలేదు.”

“వాడు ప్రతి ఊళ్ళోనూ అదే వాగుతాడు. వాన రాకుండా నిమ్మగడ్డి తలకిందులుగా నాటిన పిల్లకి, ఎండ కాస్తే చప్పట్లు కొట్టిస్తాడు, వాన పడితే...”

“‘నిమ్మగడ్డి నాటిన అమ్మాయి ఎక్కడున్నా ఒకసారి మైకు దగ్గరికి రావాలి, ఆకాశం ఆమె గురించి ఏదో చెప్పాలనుకుంటోంది’ అన్నాడు.”

“మనసులో పెట్టుకోలేదన్నావు.”

“వినపడింది, అంతే. నాలుగు వైపులా లౌడ్‌స్పీకర్లు కట్టారు కదా.”

“తాగి ఉన్నాడు.”

“నవ్వినవాళ్ళంతా తాగి లేరు. మీరూ నవ్వారత్తా.”

“నేనా?”

“నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.”

“...నవ్వాను.”

“అందరూ నవ్వుతుంటే వస్తుంది. నేనేం అనుకోలేదు.”

“అనుకో తల్లీ. నువ్వు అనుకుంటే నాకు కాస్త తేలికగా ఉంటుంది. అసలు నాటనని నువ్వు నాలుగుసార్లు చెప్పావు. నేనే వినలేదు. నాటితే వాన ఆగాలంటే పెళ్ళికాని పిల్లయి ఉండాలి, మగవాణ్ణి ఎరగని మంచి పేరున్న పిల్లయి ఉండాలి, ఇంట్లో ఆఖరిదైతే మరీ మంచిది, ఇన్నీ కలిసొచ్చేది ఊళ్ళో నువ్వొక్కదానివే అని బతిమాలాను. నువ్వు సిగ్గుపడుతున్నావనుకున్నాను.”

“పొద్దున్నే లేవలేనని చెప్పాను.”

“చెప్పావు. అయినా నాలుగింటికే వచ్చావు. తలస్నానం చేసి, తడిజుట్టుతో. ఏడు కాడలు, కొనలు మట్టిలోకి, వేళ్ళు ఆకాశంలోకి, మా పెరటి మూల ఎంత శ్రద్ధగా నాటావు. ఒక్కసారి కూడా తలెత్తకపోతే నిద్రమత్తనుకున్నాను.”

“నిద్రమత్తే. అదుగో, అమ్మమ్మ మెట్లెక్కుతోంది.”

“లమై, నువ్వా? కిందనుంచి గొంతు విని మైకువాడు ఇంటికే వచ్చాడేమో అనుకున్నాను.”

“నేనే పిన్నీ. ఆ గడ్డి మోపేమిటి, ఇంత పొద్దున్నే?”

“నా మనవరాలు పరదేశం పోతోంది కదా.”

“అమ్మమ్మా, మూడు గంటల దారి. పరదేశమేమిటి. అంత గడ్డి ఏ నెత్తిన పెట్టుకోను?”

“మోసేది బండి, నువ్వు కాదు. ఇటు చూడు. రెండు కట్టలు. అరటి నారతో కట్టింది వంటగడ్డి, నాలుగు పిలకలే దొరికాయి, వేళ్ళతో తీశాను. పాత డబ్బాలో పెట్టి నీళ్ళు పోసినా బతుకుతుంది. ఎర్రగుడ్డతో కట్టింది దోమలగడ్డి. మంచం కింద పరుచుకో. కలిపెయ్యకు.”

“నేనెందుకు కలుపుతాను.”

“లమై ఆడపడుచు కలపలేదూ? పట్నం మనిషి, మెళ్ళో ముత్యాలు, చారులో దోమలమందు.”

“ఆ సంగతి ఇప్పుడెందుకు పిన్నీ.”

“ఎందుకంటే మా దోమలపొద గుండు గీసినట్టు కోసుకుపోయింది కాబట్టి. రెండు కుండల రొయ్యల చారు నేలపాలు. నేను నాలిక మీద చుక్క వేసుకుని చూశాను. ఇంటి నేల కడిగిన నీళ్ళు తాగినట్టుంది.”

“రెంటికీ పేరొకటే కదా అమ్మమ్మా. ఆవిడకేం తెలుస్తుంది.”

“పేరొకటైతే? మన ఊళ్ళో నలుగురు సోమ్‌సక్‌లున్నారు. నలుగురి పెళ్ళాలూ ఎవరింటికి వాళ్ళు పోవడం లేదూ? ఆకు చూస్తే పోల్చలేరు, ఒప్పుకుంటాను. మొదలు చూడాలి. వంటదానికి మొదలు తెల్లగా, లావుగా, ఉల్లికాడలా ఉంటుంది. దోమలదానికి ఎర్రగా, సన్నంగా, కొంగ కాలిలా ఉంటుంది. అదీ తెలియకపోతే నలిపి వాసన చూడాలి. ఒకటి నోరూరిస్తుంది, ఇంకొకటి ముక్కు మూయిస్తుంది.”

“ఆవిడకి జలుబు పిన్నీ.”

“జలుబు చేసినవాళ్ళని కత్తి దగ్గరికి పంపకూడదు. గట్టు మీద వట్టివేరుంది, అదీ ఆ జాతి గడ్డే. దాన్నీ తెచ్చి చారులో వెయ్యలేదు, నయం. వట్టివేరు గట్టు నిలబెడుతుంది, దోమలగడ్డి గొడ్లపాకలో పొగ పెట్టడానికి, వంటగడ్డి కుండలోకి, కడుపుబ్బరానికి. దేని పని దానిది.”

“అవును పిన్నీ. దేని పని దానిది.”

“అవునూ, లమై.”

“ఆఁ.”

“రెండు కుండలు పారబోశారు. మరి పెద్దగురువుగారి భోజనంలోకి చారు ఎలా కాచారు?”

“కాచాం ఎలాగో.”

“గడ్డి ఎక్కడిది? నా వంటపొద మొన్ననే మీకు మొదలంటా కోసిచ్చాను. ఊళ్ళో పొదలన్నీ మీ పందిట్లోకే వచ్చాయి. సంత పదకొండు కిలోమీటర్లు.”

“దొరికింది పిన్నీ, కాస్త. అంచన్, ఆ జిగురన్నం మీ అమ్మమ్మకి పెట్టు.”

“నాకు పళ్ళేవి. ఎక్కడ దొరికింది?”

“దగ్గర్లోనే.”

“ఎవరిది? మర్చిపోయి వదిలేసిన పొద ఏదైనా ఉంటే చెప్పు, దీనికి ఇంకో నాలుగు పిలకలు తీసిస్తాను. గురువుగారు రెండుసార్లు పోయించుకున్నారట. నాలుగూళ్ళలో తిన్నాను గానీ ఈ ఘాటు ఎక్కడా లేదన్నారట.”

“అమ్మమ్మా, అత్తకి మంచినీళ్ళు తెచ్చివ్వవూ.”

“కుండ నీ పక్కనే ఉంది. నన్ను పంపించాలని ఉంటే పంపించు, వంక పెట్టకు. నేను పోయి మీ అమ్మని లేపుతాను. కూతురు వెళ్ళే రోజున గోడకి తిరిగి పడుకునే తల్లిని దీన్నే చూస్తున్నాను. లమై, మీవాడు పొద్దున మా గుమ్మంలోకి భిక్షకి వచ్చాడు.”

“వచ్చారా? మీ ఇంటి దగ్గర ఆగారా?”

“ఆగాడు. గరిటెతో వేడి అన్నం పట్టుకుని నిలబడ్డాను. పాత్ర మూత తియ్యడానికి చేతులు రావే. పక్క భిక్షువు తీసిపెట్టాడు. కొత్త కదా, సర్దుకుంటాడు. వెళ్ళొస్తా.”

“...వెళ్ళిందా?”

“వెళ్ళింది.”

“మీ అమ్మమ్మ ముందు చెప్పలేకపోయాను. తలుపు కాస్త దగ్గరికి వెయ్యి.”

“తలుపెందుకత్తా. ఎవరున్నారు వినడానికి.”

“వెయ్యి తల్లీ. నీ మొహం సరిగ్గా కనిపించకపోతే చెప్పడం తేలిక.”

“వేశాను.”

“ఆ గడ్డి... గురువుగారి చారులో వేసింది...”

“చెప్పక్కర్లేదత్తా.”

“చెప్పాలి. రాత్రంతా ధైర్యం కూడగట్టుకున్నాను. తొమ్మిదయింది. దుంపరాష్ట్రం నలిపి పెట్టాను, రొయ్యలు వలిచి పెట్టాను, నీళ్ళు తెర్లుతున్నాయి. నిమ్మగడ్డి లేదు. అది లేకపోతే చారు చారు కాదు, ఉప్పునీళ్ళు. నా కొడుకు దీక్ష రోజున పెద్దగురువుగారి ముందు ఉప్పునీళ్ళు పెట్టాలా? పెరట్లోకి వచ్చాను. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క మబ్బు లేదు. ఏడు కాడలు, లావుపాటివి, మూలన నిలబడి ఉన్నాయి. ఇంత ఎండలో ఇంకేం వాన అనుకున్నాను. పీకాను. మట్టి కడిగి, పై రేకులు తీసేసి, కత్తి వెనకతో చితక్కొట్టి...”

“కుండలో వేశారు.”

“వేశాను. గంట తిరక్కుండా మబ్బు పట్టింది.”

“ఊఁ.”

“ఊఁ అంటావేం? తిట్టు.”

“నాకు తెలుసత్తా. చూశాను.”

“ఏం చూశావు?”

“మీరు పీకడం. అరటిచెట్ల వెనక గ్లాసులు కడుగుతున్నాను. మీరు అటూ ఇటూ చూసి, వంగి, ఒక్కొక్కటే తీసి, భుజం మీది తువ్వాలు కింద పెట్టుకుని వెళ్ళారు. ఒకటి జారిపడితే మళ్ళీ వెనక్కి వచ్చారు.”

“చూసి కూడా ఊరుకున్నావా?”

“ఏం చెయ్యమంటారు.”

“మైకులో నీ పేరు నానుతుంటే? నలుగురూ నీ వైపు తిరిగి నీ నడుమూ నడకా చూస్తుంటే? ఒక్క మాట. ‘లమై అత్త పీకేసింది’ అని. అంతటితో పోయేదిగా.”

“మీ ఇంట్లో శుభం. పదిమందిలో మిమ్మల్ని ఎలా అంటాను.”

“నేను నిన్ను అననిచ్చాను కదే. అననివ్వడం కాదు. అంతకంటే ఉంది. వాడు బురదలో పడగానే మా పెద్దాడపడుచు నా చెయ్యి పట్టుకుని ‘గడ్డి ఎవరు నాటారు వదినా’ అంది. నిజంగా చెబుతున్నాను, నోరు తెరిచింది నేను పీకానని చెప్పడానికే. నోట్లోంచి వచ్చింది మాత్రం నీ పేరు. ‘పక్కింటి అంచన్’ అన్నాను. ఆవిడ మైకువాడికి చెప్పింది.”

“...అది నాకు తెలియదు.”

“తెలియదనే చెబుతున్నాను. మొక్కు చెడగొట్టింది తల్లే అంటారని భయపడ్డాను. చారు కోసం కొడుకుని బురదలో పడేసిందంటారని. భయమో, పాడో. నీకు పంతొమ్మిదేళ్ళు. నాకు యాభై ఆరు. నా వెనక దాక్కోవాల్సిన పిల్ల వెనక నేను దాక్కున్నాను.”

“ఏడవకండత్తా. అమ్మ వింటుంది.”

“విననీ. దాన్నే ముందు పిలువు. ఇవాళ సంతకెళ్ళడం మానేసిందంటే నా మూలంగా కదూ? ఏమన్నారు దాన్ని?”

“ఏమీ అనలేదు. నిన్న సాయంత్రం సంతలో చేపలామె అమ్మ గంపలోంచి ఒక ఆకుకూర కట్ట తీసి, ‘ఇది మీ అమ్మాయి చెయ్యి తగిలిందా, తగలనిదా’ అందట. పక్కవాళ్ళు నవ్వారట. అమ్మ గంప ఎత్తుకుని వచ్చేసింది.”

“దాని నాలిక... సరే. పద.”

“ఎక్కడికి?”

“ఊరిపెద్ద ఇంటికి. లౌడ్‌స్పీకరు ఆయనింట్లోనే ఉంది. బండి వచ్చేలోపు అయిపోతుంది. నేనే చెబుతాను, నా నోటితో. ‘గడ్డి పీకింది లమై, చారులో వేసింది లమై, అంచన్ తప్పేం లేదు’ అని.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“మిమ్మల్ని నవ్వుతారు.”

“నవ్వనీ. నా వాటా నాకు రావాలిగా.”

“నవ్వి ఊరుకోరు. మొక్కు చెల్లలేదంటారు. మళ్ళీ దీక్ష ఇప్పించాలంటారు. ఆయనకి... స్వామివారికి కష్టంగా ఉంటుంది. మొదటి వారంలోనే తల్లి గురించి నలుగురూ అనుకుంటుంటే చదువు సాగుతుందా.”

“ఆయన సంగతి నువ్వెందుకు ఆలోచిస్తావు? నీ సంగతి చూసుకో.”

“నా సంగతి చూసుకునే వెళుతున్నాను.”

“ఇలా వెళితే పారిపోయిందంటారు. నిజమే కాబట్టి పారిపోయిందంటారు. రేపు ఏ ఇంటినుంచి సంబంధం వస్తుంది నీకు? మీ అమ్మ ఏ మొహంతో గంప దించుతుంది?”

“కొన్నాళ్ళకి మర్చిపోతారు.”

“ఈ ఊరా? మా అత్తగారి పెళ్ళిలో అన్నం మాడిన సంగతి నాకు నిన్న కూడా గుర్తుచేశారు. సరే, లౌడ్‌స్పీకరు వద్దంటావు. ఇంకో పని చేద్దాం. రేపు వర్షావాసం మొదలు, కొవ్వొత్తుల ఊరేగింపుంది. మళ్ళీ నాటు. అందరూ చూస్తుండగా, పట్టపగలు, గుడి ముందు. నేను పక్కనే చాప వేసుక్కూర్చుంటాను. కోడి కూడా దాని జోలికి రాదు. ఎండ కాస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి.”

“నాటను.”

“ఏం?”

“ఆషాఢంలో ఎండ ఎక్కడ కాస్తుందత్తా. ఆకాశం నా చేతిలో ఉందా.”

“మనసు మంచిదైతే...”

“నాటనన్నాను కదా. నాలుగుసార్లు చెబితే అప్పుడు వినలేదు. ఇప్పుడైనా ఒక్కసారికి వినండి.”

“...సరే. సరే తల్లీ. గొంతు పెంచకు. నాటొద్దు.”

“కోపం కాదత్తా.”

“కోపమైనా తప్పులేదు. మొన్న నీకు ఒంట్లో బాగాలేదా? వాడు... ఆయన దీక్షకి ముందు పళ్ళెంలో పువ్వులు, కొవ్వొత్తి పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి క్షమించమని అడిగారు కదా. మీ ఇంట్లో అందరూ వచ్చి కూర్చున్నారు, నువ్వు రాలేదు.”

“తల రుద్దుకుంటున్నాను.”

“మీ అమ్మమ్మ ముందు మోకాళ్ళ మీద ఉండిపోయారు చాలాసేపు. మిగతా ఇళ్ళలో చెప్పాల్సింది చెప్పి లేచేవారు. ఇక్కడ లేవరే. నేనే భుజం తట్టి లేపాను. చిన్నప్పటినుంచి ఈ ఇంట్లో తిని పెరిగినవాడు, బెంగపడ్డాడనుకున్నాను.”

“అమ్మమ్మ అంటే ఇష్టం కదా.”

“నువ్వన్నా ఇష్టమే. కాలవలో ఈత నేర్పింది నీకు వాడే కదా. ఉండు. ఉండు అంచన్.”

“ఏమిటత్తా.”

“ఇంతసేపూ తట్టలేదు చూడు. ఇదుంది. దీన్ని నువ్వు కాదనలేవు.”

“బండికి టైమవుతోంది. సంచి కట్టాలి.”

“కట్టకు. రేపు సాయంత్రం ఊరంతా గుళ్ళో ఉంటుంది. చేపలామె ఉంటుంది, మా ఆడపడుచులుంటారు, ఆ మైకువాడు కూడా ఉంటాడు. నేను ఇప్పుడే వెళ్ళి ఆయన్ని అడుగుతాను.”

“ఎవర్ని?”

“నిరన్‌ని. స్వామివారిని. నేను గడ్డి పీకిన సంగతి ఆయనకి చెప్పుకుంటాను, ముందు ఆ బరువు దించుకుంటాను. తర్వాత అందరి ముందూ ఒక్క మాట చెప్పమంటాను. ‘అంచన్‌ని చిన్నప్పటినుంచి ఎరుగుదును, ఆమె మీద ఏ మచ్చా లేదు’ అని. అంతే. నేను చెబితే కొడుకు మొక్కుని కాపాడుకుంటోందంటారు. మీ అమ్మ చెబితే కూతుర్ని కాపాడుకుంటోందంటారు. కాషాయం కట్టుకున్నవాడు చెబితే ఈ ఊళ్ళో ఎవడు కాదంటాడు?”

“ఆయన్ని అడక్కండత్తా.”

“అడుగుతాను.”

“మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“ఇదేమిటి, లే. లే ముందు. నేను నీ కాళ్ళు పట్టుకోవాల్సినదాన్ని. ఒప్పుకోరనా నీ భయం? నా కోసం మూడేళ్ళకి ఒప్పుకున్నవారు, ఒక్క మాటకి ఒప్పుకోరా?”

“ఒప్పుకుంటారనే నా భయం.”

“ఒప్పుకుంటే మంచిదేగా. నీకేం పోయింది?”

“నాకేం కాదత్తా. అబద్ధమాడితే భిక్షువుకి దోషం.”